ఇంకోటి ఉందేమో చూసిన మనిషి

పనులు మానుకుని వచ్చినవాళ్లకూ, పని మధ్యలో తెల్లకోటుతోనే పరుగెత్తుకొచ్చినవాళ్లకూ, వార్డులోంచి లేచొచ్చిన రోగులకూ, మొదటి వరసలో కూర్చున్న లెక్కల మాస్టారికీ, వారి అమ్మాయికీ నమస్కారం. రోజూ రోగులు చీటీలు పట్టుకుని ఎదురుచూసే బెంచీల మీద ఇవాళ మనం కూర్చున్నాం. పది రోజుల కిందట మాస్టారి భార్య, మన ల్యాబ్ పెద్దావిడ, నిద్రలోనే వెళ్లిపోయారు. ముప్పై ఏళ్లు ఈ హాలు దాటుకుని ల్యాబ్‌లోకి నడిచిన మనిషి ఇక రారు. ఆ మాట అనడానికి నోరు రావడం లేదు. అయినా అనాలి.

ఆమెను మీరంతా ఇంకోటమ్మ అంటారు. మిత్రులారా, ఆ పేరు పెట్టింది నేనే. ముద్దుగా పెట్టలేదు, వెటకారంగా పెట్టాను. ముందు అది ఒప్పుకుని తర్వాత మిగతాది మాట్లాడతాను.

నా వార్డుకు వచ్చే జ్వరం మీకు తెలుసు. ఇసుక ఈగ కుడితే వస్తుంది. లీష్మానియా అనే పరాన్నజీవి ఒంట్లో చేరితే నెలల తరబడి జ్వరం కాస్తుంది, పొట్ట ఉబ్బుతుంది, మనిషి చిక్కి సగమవుతాడు. రక్తంలో అది కనబడితే నాలాంటి డాక్టర్లకు ఎంత తృప్తో. దొంగ దొరికాడు, ఇక మందు మొదలుపెట్టడమే అనుకుంటాం. ఆమె మాత్రం అక్కడ ఆగేవారు కాదు. "ఇది దొరికింది సరే డాక్టరుగారూ, ఇంకోటి ఉందేమో చూద్దాం" అనేవారు. అదే ఒంట్లో మలేరియా కూడా ఉండొచ్చు, పేగుల్లో పురుగు కూడా ఉండొచ్చు, ఒకదాని జ్వరం చాటున రెండోది దాక్కోవచ్చు అనేవారు. అందుకని ప్రతి శాంపిల్లో సగం పక్కన దాచి, పీసీఆర్ మిషన్లో పెట్టేవారు. పరాన్నజీవి డీఎన్ఏ రవ్వంత ఉన్నా ఆ మిషను దానికి కోట్ల నకళ్లు తీసి చూపిస్తుంది. మైక్రోస్కోపు కింద కంటికి ఆననిది కూడా అందులో బయటపడుతుంది.

ఇంట్లోనూ అదే వరసట. మాస్టారు తలుపు గడియ పెట్టానంటే, పెరటి తలుపు చూశారా అని అడిగేవారట. మాస్టారూ, మీరు నవ్వుతున్నారు. నవ్వండి. పది రోజుల తర్వాత మీ ముఖంలో నవ్వు చూస్తున్నాం.

ఇప్పుడు ఆమె చేసిన తప్పు చెప్పాలి. సంతాప సభలో తప్పులు చెప్తారా అని మీలో కొందరు నావైపు గుర్రుగా చూస్తున్నారు. చెప్పాలి. ఎందుకంటే ఆ తప్పు తర్వాతే ఆవిడ ఎలాంటి మనిషో నాకు తెలిసింది.

మిషన్లో పెట్టే ప్రతి విడతలోనూ ఒక నీళ్ల ట్యూబు ఉండాలి. పరీక్షకు వాడే మందులన్నీ వేసి, రక్తానికి బదులు ఉత్త నీళ్లు పోసిన ట్యూబు. అందులో ఏమీ కనబడకూడదు. కనబడిందంటే, పాత నకళ్లు గాలిలోనో చేతి గ్లోవ్స్ మీదో చేరి కొత్త ట్యూబుల్లో పడ్డాయని అర్థం. అప్పట్లో ల్యాబ్‌ది ఒకటే గది. ఒకరోజు మిషన్లో చోటు చాలక, ఆమె నీళ్ల ట్యూబును మర్నాటి విడతకు ఆపారు. ఆరోజు పదకొండు మందికి మలేరియా కూడా ఉందని రిపోర్టు ఇచ్చారు. మర్నాడు నీళ్లలోనూ మలేరియా కనబడింది.

ఇంకెవరైనా ఏం చేసేవారు? రిపోర్టు మార్చి, కాగితం పంపి ఊరుకునేవారు. నేనైతే అదే చేసేవాణ్ని. ఆమె నేరుగా వార్డుకు వచ్చారు. నేను రౌండ్సులో ఉన్నాను, నర్సులంతా ఉన్నారు. పదకొండు మంచాల దగ్గరా ఆగారు. ప్రతి మంచం దగ్గరా ఒకటే మాట. "తప్పు నాది. మీ రక్తంలో మలేరియా ఉందన్న రిపోర్టు చెల్లదు. ఉందని చెప్పింది నేనే, ఆ మాట తప్పని చెప్పాల్సింది కూడా నేనే." పదకొండోసారి కూడా గొంతు తగ్గించలేదు. మళ్లీ కొత్తగా రక్తం తీసుకుని, ఆ పరీక్షలన్నీ మొదటినుంచి చేశారు.

అది చూసి నేను చేతులెత్తి మొక్కాలి కదా? మొక్కలేదు. ఆ రోజే ఇంకోటమ్మ అని పేరు పెట్టాను. ఆర్నెల్లు ఆమె రెండో రిపోర్టులు చదవకుండా సొరుగులో పడేశాను. నా కళ్లు అంతగా నెత్తికెక్కాయి.

అప్పుడు వచ్చారు తాపీమేస్త్రిగారు. ఆ మూడో వరసలో చివర కూర్చున్నారు, చూడండి. ఆయనకు లీష్మానియా దొరికింది. మందు పూర్తిగా ఇచ్చాం. జ్వరం దిగలేదు. స్లైడు రెండుసార్లు చూశాం, ఇంకేమీ కనబడలేదు. పరాన్నజీవి మందుకు లొంగలేదని తేల్చేశాను. ఇక మిగిలింది గుండె మీద భారం వేసే ఇంజెక్షను. ఆయన గుండె అప్పటికే బలహీనం. ఇస్తే ఆ గుండె తట్టుకుంటుందో లేదో, ఇవ్వకపోతే మనిషి దక్కుతాడో లేదో. ఇంజెక్షనుకు ఒప్పుకుంటున్నట్టు వాళ్లావిడ చేత కాగితం మీద సంతకం కూడా పెట్టించాను.

సిరంజి ట్రేలో సిద్ధంగా ఉండగా ఈమె రిపోర్టు పట్టుకుని వచ్చారు. మేస్త్రిగారి రక్తంలో మలేరియా కూడా ఉందని. నేను ఒంటికాలి మీద లేచాను. అందరి ముందూ, "మళ్లీ నీళ్ల ట్యూబేనా" అన్నాను. ఆమె తల దించుకోలేదు. "ముందు నీళ్ల ట్యూబే చూశాను డాక్టరుగారూ. మూడు విడతలు పెట్టి మూడుసార్లు చూశాను, నీళ్లలో ఏమీ లేదు. నా తప్పు మీకు చెప్పింది నేనే కదా. ఇది నిజమని కూడా నేనే చెప్తున్నాను" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆలోచించండి, ఆ పదకొండు మంచాల దగ్గర ఆమె నోరు మూసుకుని ఉంటే, ఆరోజు ఆ మాట నేను నమ్మేవాణ్నా? ఇంజెక్షను పక్కన పెట్టించాను. మలేరియా మందు మొదలుపెట్టాం. మూడో రోజు జ్వరం దిగింది. నాలుగో రోజు మేస్త్రిగారు ఆకలేస్తోందన్నారు. ఆ మాట విని వాళ్లావిడ వరండాలోకి వెళ్లి ఏడ్చింది. నేనూ మందుల గదిలోకి వెళ్లి అదే పని చేశాను.

రెండు నెలలకు మేస్త్రిగారు తాపీ, గోడ నిలువు చూసే తూకపుగుండు పట్టుకుని ల్యాబ్‌కు వచ్చారు. ఒక్క గదిని రెండు చేస్తూ గోడ కట్టారు. ఇటువైపు పరీక్ష మందులు కలపడం, అటువైపు మిషను, దాని నకళ్లు ఇటు రాకుండా. గోడ పూర్తయ్యాక ఆమె దాన్ని రెండు వైపుల నుంచీ తట్టి చూశారట. ఒక వైపే చూసి ఊరుకుంటారా ఆవిడ?

లీష్మానియా దొరికిన ప్రతి రోగికీ రెండో పరీక్ష తప్పనిసరి చేయాలని ఆమె రాసిన కాగితం నాలుగేళ్లు నా టేబులు మీద ఉంది. ఆమె ఉన్నారు కదా, ఎలాగూ చేస్తారు కదా అని వాయిదా వేస్తూ వచ్చాను. ఇక ఎవరు చేస్తారని పోయిన వారం కొందరు నన్ను అడిగారు. ఎవరు చేస్తారో చెప్తాను. ఆమె దగ్గర పని నేర్చుకున్న ఆ ఇద్దరు అమ్మాయిలు, కళ్లు తుడుచుకుంటూనే, ఈ పది రోజుల్లో ఒక్క శాంపిలూ వదల్లేదు. నిన్న ఒకామె రక్తంలో రెండో పరాన్నజీవి దొరికింది. నిన్న సాయంత్రానికే ఆమెకు మందు పడింది. రిపోర్టు చూసి ఆ కాగితం మీద సంతకం పెట్టాను. ఆలస్యమైంది, ఆ సిగ్గు నాది. కానీ ఇక అది ఒక మనిషి పట్టుదల కాదు, ఈ ఆసుపత్రి పద్ధతి.

అమ్మాయీ, మీ అమ్మ వల్ల ఇంటికి నడిచి వెళ్లినవాళ్లలో చాలామందికి మీ అమ్మ ఎవరో తెలియదు. ఇకముందు వెళ్లేవాళ్లకూ తెలియదు. అయినా వాళ్లు వెళ్తూనే ఉంటారు.

ఇప్పుడు మనం కాసేపు మౌనంగా నిలబడదాం. జ్వరంతో ఉన్నవాళ్లు కూర్చునే ఉండండి, ఆవిడ రోగుల్ని ఎప్పుడూ నిలబెట్టలేదు. మేస్త్రిగారూ, ఆరోజు మిమ్మల్ని ఈ హాల్లోంచే స్ట్రెచరు మీద మోసుకెళ్లాం. ముందు మీరు లేవండి. మీ వెనక మేమంతా లేస్తాం.