వీడ్కోలు సభ డిస్కు

హలో… ఆ, నేనే, మెషిన్ షాపు నుంచి… ఛ, ఇంటి నుంచి. ముప్ఫై నాలుగేళ్ల అలవాటు, ఎనిమిది రోజుల్లో చస్తుందా?

… బాగానే ఉన్నా. రిటైరైన ఫిట్టరుకి ఏం రోగం? తినడం, పడుకోవడం. నీతోనే పని తమ్ముడూ. నువ్వు వీడియో తీసిచ్చిన మన వీడ్కోలు సభ డిస్కు.

… లేదు. బొమ్మ ఇంకా రాలేదు.

… తుడిచా. … మెత్తటి గుడ్డతోనే. మధ్య నుంచి అంచుకే లాగా, గుండ్రంగా తిప్పలేదు. మొన్న నువ్వు చెప్పినవన్నీ చేశానయ్యా. పైన అంటించిన లేబులు బరువుకి డిస్కు ఊగుతుందేమో అన్నావు. తడిపి గీకేశా. మేనేజరు గారు నా చేతికి గోడ గడియారం ఇస్తున్న ఫొటో అది. ముందు నా మొహం పోయింది, తర్వాత ఆయనది.

… ప్లస్ రకం డిస్కా, మైనస్ రకమా? ఏదైనా చదువుతుందని నా ప్లేయరు మీదే రాసుంది.

… పాతదే. ఒప్పుకున్నా. అందుకే పై వాటా వాళ్ల కొత్త ప్లేయరు అడిగి తెచ్చా. అందులోనూ అంతే. కిర్రుమంటుంది, నాలుగు చుట్లు తిరుగుతుంది, 'నో డిస్క్' అంటుంది. కళ్లముందే డిస్కు మింగి, డిస్కే లేదంటుంది! మన స్టోర్సు గుమాస్తా కూడా ఇంత పచ్చిగా అబద్ధమాడడు.

… నాది విప్పేశా కూడా. లెన్సు దూదితో తుడిచా. వేరే డిస్కు వేస్తే శుభ్రంగా నడుస్తోంది. మిషన్లో లోపం లేదు తమ్ముడూ. ఉంటే నా చేతికి తెలుస్తుంది.

ఒక్క నిమిషం— వస్తున్నానే! … టైమాఫీసు తమ్ముడితోనే మాట్లాడుతున్నా. … చూద్దువుగాని, కాలు కదపకు!

విన్నావా? రోజూ ఇదే వరస. కాలికి కట్టుతో హాల్లో టీవీ ముందు కూర్చుంది. సభకి రాలేకపోయింది కదా. రాకపోతే పోయె, వాచ్‌మన్ భార్య ఇంటికొచ్చి మరీ ఊదిపోయింది, మీ ఆయన మైకులో మీ గురించి చెప్పి కళ్లు తుడుచుకున్నాడని. అప్పట్నుంచి ఒకటే గొడవ, ఏమన్నారో చూపించండి, చూపించండి అని.

… నేనా? నేనెలా చెబుతానయ్యా? నిన్నగాక మొన్న పెళ్లైనవాణ్ణా? ముప్ఫయ్యేళ్లలో కూరలో ఉప్పు తక్కువైందనడం తప్ప, ఆవిడ మొహం మీద ఒక మంచి మాట అన్న పాపాన పోలేదు. ఆ రోజు ఎదురుగా ఆవిడ లేదన్న ధైర్యంతో వచ్చేసింది. అదంతా డిస్కులో ఉంటుందిగా, ఆవిడ చూస్తుంటే నేను వంటింట్లోకి తప్పుకుందామనుకున్నా.

… ఇంకో కాపీయా? ఆగాగు. అక్కడికే వస్తున్నా.

ఇందాక డిస్కుని వెనక్కి తిప్పి, బాల్కనీలో ఎండకి ఏటవాలుగా పట్టా. రికార్డైనంత మేర రంగు ముదురుగా కనిపిస్తుంది. మధ్యలో చిల్లు దగ్గర మొదలై అంచు వైపు పోతుంది. … ఆ, నీకు తెలీకేం. పై వాటా వాళ్ల పెళ్లి డిస్కు పక్కన పెట్టి చూశా. వాళ్లది అంచుదాకా ముదురే. మన సభ గంటన్నర జరిగింది. మరి మనదెంతో తెలుసా? గోరంత. చిల్లు చుట్టూ ఉంగరంలా, గోరంత.

హలో? … ఉన్నావా?

… ఆ దగ్గు తర్వాత దగ్గుదువుగాని. చెప్పు.

… ఆరు నిమిషాలా? ఏ ఆరు నిమిషాలు?

… గడియారం ఇచ్చేదాకా. తర్వాత?

… మేనేజరు గారు లేచారు. … కొత్త షెడ్డుకి రిబ్బను కత్తిరించాలని. … నువ్వూ కెమెరా తీసుకుని ఆయన వెనకే. … పిలిచారు, అవును, పిలుస్తారు. కాదని ఎలా అంటావు, ఉద్యోగం చేసుకునేవాడివి.

అయితే నేను మైకులో మాట్లాడినప్పుడు—

… ఎదురుగా ఉన్నది వట్టి కెమెరా స్టాండా?

దాన్ని చూస్తూనే కదయ్యా మాట్లాడింది! ఆవిడకి నా మొహం బాగా కనపడాలని కళ్లద్దాలు కూడా తీసి జేబులో పెట్టుకున్నా. అద్దాల్లేకపోతే నాకు రెండడుగుల దూరం ఆనదు…

… సరే. సరే. అయ్యిందేదో అయ్యింది. ఆ ఆరు నిమిషాలైనా రావాలి కదా? అవెందుకు రావట్లేదు?

… ఫైనలైజా? అదేమిటి? … చివర్న అదొకటి నొక్కితే గానీ బయటి ప్లేయర్లు చదవవు. ఊఁ. మర్చిపోయావా?

… మర్చిపోలేదూ.

ఓహో.

… నేను బాధపడతానని. ప్లేయరుదే తప్పనుకుని నాలుగు రోజులు కుస్తీపట్టి వదిలేస్తానని. … ఎంత మంచివాడివయ్యా! నా చేత తుడిపించావు, గీకించావు, మిషన్ విప్పించావు, పైవాళ్ల గుమ్మం ముందు నిలబెట్టావు. 'మా కంప్యూటర్లో బ్రహ్మాండంగా వస్తోంది అన్నయ్యా' అన్నావే మొన్న! ఏం వస్తోందిరా బ్రహ్మాండంగా? గడియారమా?

… ఆ సారీ నీ దగ్గరే ఉంచుకో. పాడైన మిషన్లు ఎన్నో చూశా గానీ, కావాలని పాడుచేసి చేతికిచ్చేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా.

… ఇప్పుడు నొక్కి ఇస్తావా? ఎందుకు? ఆవిడకి గడియారం చూపించడానికా? అది గోడకే ఉంది. చూస్తూనే ఉంది.

… ఉండు, పిలుస్తోంది.

ఆఁ! … ఏమన్నాడా?

… ఏమంటాడే. ప్లేయరు పోయిందంటున్నాడు. … మనదే. లెన్సు పోయిందట. … పైవాళ్లదీ అంతే, ఈ డిస్కు దానికీ పడదట. ఇక రాదు. వదిలెయ్.

… నేను బాగుచెయ్యలేని మిషన్ ఉంటుందా అంటే… ఉంటుంది. ఇదొకటి ఉంది.

… ఏమిటీ? … అక్కడన్నది నా నోటితోనే చెప్పమంటావా?

… ఇప్పుడా?

…

ఆ చిన్న స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టావు? … అదేనే, ఎర్ర పిడిది. … టీవీ కిందేగా, ఉంటుంది, నువ్వు లేవకు. ఇంకోసారి విప్పి చూస్తా.

హలో… ఇంకా లైన్లోనే ఉన్నావా? … విన్నావుగా. ఎనిమిది రోజులు నువ్వు మోసిన అబద్ధం, ఇక నేను మోస్తా.

… వద్దు. ఏమీ చెప్పకు. పెట్టెయ్ తమ్ముడూ.