ఏటి దారి తెరిపించిన ప్రార్థన

1992 నవంబరు పదహారవ తేదీ ఉదయం, నెల్లూరు ఆకాశాన్నంతా వాయుగుండపు మబ్బు కమ్మేసి, తూర్పున సముద్రం వైపు మాత్రం సన్నటి వెలుగు చార ఒకటి మిగిలి ఉన్న వేళ, గాలికి తిరగబడిన గొడుగును చంకన పెట్టుకుని, తడి పాదాలతో మన తీరగ్రామ క్రైస్తవ సేవా సంఘం మెట్లెక్కి, శ్రీమతి నవోమి గారు క్షేత్ర కార్యకర్తగా బాధ్యతలు స్వీకరించారు. సంఘం డ్రైవరుగా జీపు అద్దం తుడుస్తున్న నన్ను చూసి వారు అడిగిన మొదటి ప్రశ్న: "అన్నా, ఈ బండి ఎందాకా పోతుంది?"

"రోడ్డు ఉండేదాకా" అన్నాను.

"ఆడినుంచి నడుద్దాంలే" అన్నారు.

ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్న వారి ముప్పైమూడేళ్ల సేవను మన సంఘ పత్రికలో పరిచయం చేయడానికి అంతకంటే మంచి మాట నాకు తోచలేదు.

తొలి సంవత్సరాలలో వారు బోగోలు మొదలు కృష్ణపట్నం వరకు ఉప్పుటేళ్ల వెంట ఉన్న యానాది గిరిజనుల కాలనీలకు తిరిగి, పిల్లలను బడిలో చేర్పించారు, పట్టాలు లేని ఇళ్లకు పట్టాలు ఇప్పించారు. "గుడి మొహం చూడని వాళ్లకోసం ఇంత తిరుగుడు ఎందుకమ్మా?" అని సంఘ పెద్ద ఒకరు అడిగినప్పుడు, "వాళ్లు మన గుడికి రావాలని కాదయ్యా నేను పోయేది. ఆయన పొమ్మన్నాడు, పోతుండా" అని చెప్పి జీపెక్కి కూర్చున్నారు.

సునామీ నాటి సాయం పంచే చోట, ఎవరూ పిలవక దూరంగా నిలబడిపోయిన యానాది కుటుంబాలను వారు చూశారు. వెళ్లి వాళ్లతోపాటు వరస చివర నిలుచుని, "ఈ పొద్దు పంపకం ఈ కొసనుంచి మొదలుపెట్టండి" అన్నారు. కొందరు గొణిగారు, పంపకం మాత్రం ఆ కొసనుంచే మొదలైంది. మరుసటి ఏడే వారికి న్యాయ సహాయ సమన్వయకర్తగా పదోన్నతి లభించింది.

నవోమి గారి సుగుణాలను ఎన్నింటినైనా కొనియాడవచ్చును గానీ, వారి ప్రార్థన నిడివిని గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. వారు ప్రార్థన మొదలుపెడితే టీ చల్లారుతుంది, చల్లారిన టీ మీద మీగడ కడుతుంది. వారి భర్త ఆండ్రూ గారు సైతం ఈ సంగతిని కాదనరని నా నమ్మకం.

2012లో బోగోలు మండలంలోని ఒక కాలనీ వాళ్లు ఏటికి పోయే దారికి అడ్డంగా, రొయ్యల గుంటల యజమాని ఒకాయన ముళ్లకంచె వేశాడు. ఏట్లో చేపా, రొయ్యా పట్టుకుంటేనే ఆ ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. దారి పోతే తిండి పోయినట్టే. అర్జీలు ఇచ్చినా కంచె కదలలేదు. చివరకు ఒక సోమవారం, కాలనీ పెద్దమ్మ పోలేరమ్మ గారిని, మరి కొందరిని వెంటబెట్టుకుని రెవెన్యూ అధికారి కార్యాలయానికి వెళ్లాం. లోపలికి పిలుపు వచ్చేలోగా "ఒక్క మాట ప్రార్థన చేసుకుందాం" అన్నారు నవోమి గారు. వరండాలో అందరం తలలు వంచాం.

ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి అధికారి గది ఖాళీ. ఆయన భోజనానికి బయలుదేరారు. పరుగున బయటికి వస్తే, గేటు దగ్గర ఆయన జీపు ఆగి ఉంది. దాని ముందర, నెత్తిన ఏటిబుట్టతో పోలేరమ్మ గారు.

"సారూ, నువ్వు అన్నానికి పోతుండావు. మా అన్నం ఆ కంచెకి అవతల ఉండాది. అది తీయించి పో."

"ఎవరమ్మా నువ్వు? పక్కకు జరుగు."

"పోలేరమ్మని. ఏట్లో చెయ్యి పెడితే రొయ్యన్నా తగులుద్ది. నీ ఆఫీసులో ఇన్నిసార్లు చెయ్యి పెట్టినా, ఏం తగల్లా."

జీపు డ్రైవరు హారను మోగించాడు. పోలేరమ్మ గారు బుట్ట సర్దుకున్నారే తప్ప కదలలేదు. నవోమి గారు కాగితాలతో ముందుకు రాబోతే, "నువ్వుండమ్మా, నేను జెప్తుండాగా" అని ఆపేశారు. నవోమి గారు ఆగారు. అధికారి ముందు చిరాకుపడి, తరువాత ఆలోచించి, చివరకు నవ్వి జీపు దిగారు. ఆ మధ్యాహ్నమే మాతో వచ్చి కంచెను చూశారు. పొద్దుగూకే లోపల కంచె పోయింది, దారి తెరుచుకుంది.

తిరుగు ప్రయాణంలో, "ప్రార్థనలో కళ్లు మూసుకోలేదా పోలేరమ్మా?" అని అడిగారు నవోమి గారు.

"మీరందురూ మూసుకుంటిరి గదమ్మా. ఒకరన్నా చూస్తుండొద్దా?"

జీపు ఊగిపోయేటట్టు నవ్వాం. "నేను ఇంకా అడుగుతుండగానే నా ప్రార్థనకు జవాబు పోయి జీపుకి అడ్డం నిలబడింది" అని నవోమి గారు నేటికీ చెప్పుకుంటారు. ఆనాటి నుండి ఏ కార్యాలయానికి వెళ్లినా, బాధితులను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, తాము వెనుక నిలబడటం వారు నియమంగా పెట్టుకున్నారు. పేదల పక్షాన మాట్లాడేవారిని చాలామందిని చూశాను. పేదలు మాట్లాడుతుంటే ఆగి వినే సహనాన్ని మాత్రం వారిలోనే చూశాను.

ఈ సంచిక అచ్చుకు పోయే ముందటి వారం, వీడ్కోలు చెప్పడానికి ఆ కాలనీకి వెళ్లాం. ఏటి దారి మనుషుల నడకకు నున్నగా అరిగి ఉంది. ఆ ఏటి రొయ్యలతోనే పులుసు పెట్టి, ఆకులు వేశారు. నవోమి గారు ప్రార్థనకు సిద్ధపడగా, "నువ్వు మూసుకోమ్మా. కాకులొస్తాయి, నే చూస్తుంటా" అన్నారు పోలేరమ్మ గారు.

ఆ ప్రార్థన ఎప్పటిలాగే దీర్ఘంగా సాగింది. వారి ఆరోగ్యమూ, ఆయుష్షూ, ఆండ్రూ గారితో కలిసి గడపబోయే విశ్రాంత జీవితమూ ఆ ప్రార్థనంత దీర్ఘంగా, ఆనాటి జీపులోని నవ్వంత హాయిగా సాగాలని ఉద్యోగులందరి తరఫున ఆకాంక్షిస్తున్నాను.

ఆమెన్ అయ్యాక కళ్లు తెరిచాం. పోలేరమ్మ గారు తమ ఆకులోని పెద్ద రొయ్యను తీసి నవోమి గారి ఆకులో వేశారు. నవోమి గారు తలవంచుకుని తిన్నారు. ఏటి గాలి వీస్తుండగా, మేమందరమూ తిన్నాం.