తాండూరు నుంచి వికారాబాదు దాకా పాస్‌వర్డ్

తాండూరు స్టేషన్ ముందర తాజ్ మొహమ్మద్ చాయ్ హోటల్లో ఖుద్దూస్ వచ్చి కూర్చున్నాడంటే కబుర్లు వినేవాళ్లు చేరి బెంచీ మీద ఇంకొకరికి జాగా దొరకదు. ఎనభై ఎనిమిదిలో సిమెంటు ఫ్యాక్టరీకి కంప్యూటర్ వచ్చింది. దానికి ప్రోగ్రాములు రాసేవాడు ఖుద్దూస్. ఆ సాయంత్రం మరీ హుషారుగా ఉన్నాడు. మర్నాడు హైదరాబాదు నుంచి పెద్దసారు వచ్చి ఆయన పని చూడబోతున్నాడు మరి.

"మిషిన్ ఊకెనే తెరుసుకోదు మల్లప్పా," అన్నాడు సాసర్లో చాయ్ పోసుకుంటూ. "దానికి ఒక మాట చెప్పాలె. పాస్‌వర్డ్ అంటరు. గా మాట నాకు తప్ప ఎవ్వరికీ ఎర్కలే. మా మేనేజర్ సారు పొద్దుగూకేదాంక కొట్టి చూసిండు, తెరుసుకోలే."

నాపరాళ్ల పాలిష్ మిల్లు నడిపే మల్లప్ప ముందుకు జరిగాడు. "గంత పెద్ద మాటనా భాయ్?"

ఖుద్దూస్‌కు ఆ ఒక్క ప్రశ్న చాలు.

"పెద్దదా? ప్యాసింజర్ తాండూరుల కదిలినప్పుడు మొదటి అక్షరం కొడితే ధారూరుకు సగం అయితది, వికారాబాదుల దిగేటప్పుడు ఆఖరిది కొట్టాలె. అందుల తెలుగు ఉంది, ఉర్దూ ఉంది, నడుమ జర కన్నడం గూడ కలిపిన. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? ఢిల్లీ నుంచి ఇంజినీర్లు దిగిండ్రు. కొట్టి కొట్టి వేళ్లు వాసినయ్. అనంతగిరి మీద పసరు కట్టించుకుని వాపస్ పోయిండ్రు."

"పసరు ఎవరు కట్టిండ్రు?" అన్నాడు తాజ్ మొహమ్మద్ పొయ్యి దగ్గర నుంచే.

"నేనే మనిషిని తోలిచ్చిన. పాపం, చాయ్ గ్లాసు గూడ పట్టుకోరాలే వాళ్లకు."

బెంచీ మొత్తం నవ్వింది. ఖుద్దూస్ లేచి నిలబడ్డాడు. చెప్పేకొద్దీ ఆయనకే అదంతా కళ్లముందు జరిగినట్టు అనిపించసాగింది.

"గప్పుడు దొంగలు పడ్డరు. మిషిన్‌నే లారీల ఏసుకుని బొంరాస్‌పేట దిక్కు ఉరికిచ్చిండ్రు. నేనేమో పూడూరుల పెండ్లికి పోయిన. దొంగలు తెరువమంటే మిషిన్ కండ్లు తెరిసింది. కరెంటు లేదు, తీగ లేదు, అయినా కండ్లు తెరిసింది. తెరిసి 'ఖుద్దూస్ సాబ్ ఏడి?' అని అడిగింది. కొట్టిండ్రు, బతిమాలిండ్రు, ఇగ నోరు ఇప్పలే. నేను పెండ్లి పందిట్ల నిలబడి గాలికి ఒక్క అక్షరం చెప్పిన. ఒక్కటే. లారీ దానంతట అదే మర్లి, మా ఫ్యాక్టరీ గేటు కాడ ఆగి హారన్ కొట్టింది. దొంగలు దిగి వాచ్‌మన్‌కు సలాం చేసి నడుసుకుంట పోయిండ్రు. గా తాళం తీసెటోడు దునియాల ఇంక పుట్టలే."

తాజ్ మొహమ్మద్ అడగకుండానే ఇంకో చాయ్ తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఖుద్దూస్ పాదుషాలా అందుకున్నాడు.

వికారాబాదు బండి కోసం పక్క బల్ల దగ్గర ఆగిన అరుణాదేవి తన గ్లాసు కింద పెట్టింది. కంప్యూటర్ గదిలో ఖుద్దూస్ పక్క కుర్చీ ఆమెదే, ఆమె కూడా ప్రోగ్రాములే రాస్తుంది.

"భాయ్‌సాబ్, ఇయ్యాల మీరు నమాజుకు పోయినప్పుడు నేను తెరిచిన."

"ఏం తెరిచినవమ్మా?"

"మిషినే. మీరు కొట్టేటప్పుడు ఒక్కొక్క అక్షరం పైకి చదువుకుంట కొడ్తరు. హెచ్, ఏ, జె, ఐ, ఆర్, ఏ. మీ ఇంటామె, హాజిరా భాబీ పేరు. వరండాల నిలబడ్డోళ్లకు గూడ ఇనవడ్తది. రేపు పెద్దసారు ముందర గూడ గట్లనే చదువుతరేమోనని మార్చేసిన."

ఖుద్దూస్ చెవులు ఎర్రబడ్డాయి. సాసర్‌ను మెల్లగా బల్ల మీద పెట్టి, ఆమెకు మాత్రమే వినబడేలా అడిగాడు.

"కొత్తది ఏం పెట్టినవ్?"

"చెప్తే పాస్‌వర్డ్ ఎట్లయితది? పొద్దుగాల నేనే తెరుస్త. ప్రోగ్రాం మస్తు రాసిండ్రు, మంచిగ సూపియ్యుండ్రి."

బండి కూత వినబడింది. ఆమె సంచి భుజానికి తగిలించుకుని లేచింది. మల్లప్ప ఆగలేక అడిగాడు.

"మరి లారీ సంగతి ఏందమ్మా?"

అరుణాదేవి ఖుద్దూస్ ముఖం వైపు ఒకసారి చూసింది.

"లారీ సంగతి నాకెర్క లేదు. గా దినం నేను సెలవుల ఉన్న."