మేమా, మనమా?

1989 జూన్ పన్నెండో తేదీ సోమవారం ఉదయం, విదేశాంగ శాఖ భవనంలో లిఫ్టు పక్కనున్న కిటికీ లేని గదిలోకి, కొత్త చెప్పులు కరుస్తుంటే కుంటుతూ వచ్చి, కనిష్ఠ అనువాదకురాలిగా హాజరుపట్టీలో సంతకం చేసిన యువతి, ఈ నెలాఖరున అదే శాఖ నుంచి ప్రధాన దుభాషిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఆమె అసలు పేరు జీతాల విభాగానికి తెలుసు. మిగిలిన మా అందరికీ ఆమె ‘మరోసారి గారు’. ఎంతటివారు ప్రసంగిస్తున్నా సరే, భావం సందేహాస్పదమైన చోట చెయ్యెత్తి “దయచేసి మరోసారి చెప్పండి” అనడం ఆమె అలవాటు. ఆ పేరు మొదట వెటకారానికి పెట్టినదే. పెట్టినవారిలో ఇద్దరు మన శాఖ పత్రిక ఈ సంచిక సంపాదకవర్గంలో ఉన్నారు కాబట్టి ఆ సంగతి ఇంతటితో వదిలేద్దాం.

తొలి సంవత్సరాలు నిరసన పత్రాలతో, చేపల వేట ఒప్పందాలతో, సరిహద్దు కంచె మీద కూలిన చెట్టు ఏ దేశానిదన్న సుదీర్ఘ వివాదంతో గడిచాయి. అప్పటి విభాగాధికారి ముక్కోపి, కానీ పనిలో నిఖార్సయిన మనిషి. ఒకసారి ఆమె ఒక ఘాటైన లేఖను కాస్త మెత్తబరిచి అనువదిస్తే, కాగితం బల్లమీద పడేసి, “కోపాన్ని చల్లార్చి చెప్పకమ్మా. వాళ్ళెంత కోపంగా ఉన్నారో మనవాళ్ళకి తెలియాలా వద్దా? ఉన్నది ఉన్నట్టు చెప్పు. లేనిది మాత్రం నీ నోట రాకూడదు” అన్నారు. ఆ మందలింపును ఆమె వృత్తిధర్మంగా స్వీకరించారు. అది ఎంత కఠినమైన ధర్మమో పదకొండేళ్ళ తరవాత గానీ తెలిసిరాలేదు.

ఆ ఏడాది సరిహద్దు నది వంతెన దగ్గర కాల్పులు మొదలయ్యాయి. వంతెన నడుమ ధ్వంసమైన లారీలు, వాటి మధ్య ఇరుపక్షాల క్షతగాత్రులు చిక్కుకుపోయారు. వాళ్ళను తేవడానికి ఏ పక్షం అడుగు ముందుకు వేసినా రెండో పక్షం కాల్చేది. సూర్యాస్తమయం వరకూ తాత్కాలిక కాల్పుల విరమణ కుదిరింది. ఈలోగా చర్చలు ఫలించకపోతే ఫిరంగులు మళ్ళీ మోగుతాయి. వాటి దెబ్బ ముందు తగిలేది మా వైపు గట్టున ఉన్న చిన్న పట్నానికే. మరోసారి గారి సొంత అక్కయ్య కాపురం ఆ పట్నంలో, వంతెన వీధిలో.

ఆ సంగతి ఆమె దాచలేదు. ప్రతినిధి బృందానికి నాయకులైన కార్యదర్శి గారి దగ్గరకు వెళ్ళి, “మా అక్కావాళ్ళు అక్కడే ఉన్నారండీ. ఫోను కలవడం లేదు. నన్ను తప్పిస్తే మంచిదేమో” అన్నారు.

“తప్పించి ఎవర్ని తేనమ్మా? రెండో దుభాషి జ్వరంతో మూలుగుతున్నాడు. గుండె రాయి చేసుకుని రండి” అన్నారాయన.

మూతపడిన రైల్వే స్టేషనులోని విశ్రాంతి గదిలో చర్చలు. పొడుగాటి బల్ల, అటూ ఇటూ ఎదురెదురుగా కుర్చీలు, తిరగని పంకా. మధ్యాహ్నం దాటేవరకూ ఇరుపక్షాలూ తప్పు మీదంటే మీదని వాదించుకున్నాయి. నీడలు బల్ల మీదికి పాకుతుండగా అవతలి సేనాని సహనం కోల్పోయి, అరచేత్తో బల్ల చరిచి, లేచి నిలబడి ఒకే ఒక వాక్యం అన్నాడు. సాయంత్రంలోగా వంతెన ఖాళీ చేయడం గురించి.

చేసేదెవరు? చిక్కంతా అక్కడే వచ్చింది. మన భాషలో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. అవతలివారి భాషలో రెండింటికీ ఒకటే మాట. ‘మేము ఖాళీ చేస్తాం’ అంటే దండెత్తి వచ్చి అడ్డొచ్చినవాళ్ళను ఊడ్చేస్తామని. ‘మనం ఖాళీ చేద్దాం’ అంటే చెరో చెయ్యీ వేసి లారీలను, క్షతగాత్రులను తీసేద్దామని. కర్తను మింగేసి ‘ఖాళీ చేస్తాం’ అని గట్టెక్కే వెసులుబాటు మన భాషలో ఉంది గానీ, ఆ బల్ల చరుపు విన్న చెవులకు అది ‘మేము’గానే వినిపిస్తుంది. పోనీ ‘మనం’ అనేస్తే? అక్కయ్య ఇల్లు నిలుస్తుందేమో. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అది సేనాని మాటో, తన ఆశో ఆమెకే తెలియలేదు. మా వైపు సైనికాధికారి అప్పటికే టెలిఫోను మీద చెయ్యి వేసి ఆమె నోటివైపే చూస్తున్నారు.

ఆమె చెయ్యెత్తారు. అవతలి భాషలో, “దయచేసి మరోసారి చెప్పండి” అన్నారు.

కార్యదర్శి గారు మండిపడ్డారు. “ఏమిటమ్మా ఇది? చెప్పడం మీ పని, అడగడం కాదు!”

“సగమే అర్థమైందండీ. సగం అర్థమైన మాట మీకెలా చెప్పను?” అని, ఆమె మళ్ళీ సేనాని వైపు తిరిగి అడిగారు: “మీరన్న మాటలో ఈ వరస కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు కూడా ఉన్నారా?”

సేనాని ఎదుటి కుర్చీలను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూశాడు. పొద్దుటి నుంచీ వాదిస్తున్నా వాళ్ళ ముఖాల వంక చూడటం బహుశా అదే మొదలు. టెలిఫోను మీది చెయ్యి అలాగే ఉంది. సేనాని మెల్లగా కుర్చీలో కూర్చుని, ఒక్క మాట అన్నాడు.

“ఉన్నారు.”

అప్పుడు మరోసారి గారు మా వైపు తిరిగి, “సాయంత్రంలోగా మనం వంతెన ఖాళీ చేద్దాం అంటున్నారండీ” అన్నారు. పొద్దు వాలకముందే రెండువైపుల జవాన్లూ కలిసి లారీలు నెట్టారు, క్షతగాత్రులను మోశారు.

ఆ సాయంత్రం ఫోను కలిసింది. “మేమంతా బాగానే ఉన్నామే” అంది అక్కయ్య. చెల్లెలు ఏడుస్తూనే, “మేమంటే ఎవరెవరు?” అని అడిగారు. “నేనూ, మీ బావా, పిల్లలూ, మేడమీద అద్దెకున్న అవతలి దేశం వాళ్ళూ. చాలా, ఇంకా లెక్క చెప్పాలా?” అని అక్కయ్య విసుక్కుంది.

సేనాని మొదట ఏ ఉద్దేశంతో అన్నాడో మేము చాలాసార్లు అడిగాం. “నాకు తెలియదు. తెలిస్తే అడిగేదాన్నే కాదు” అనేవారు. తరవాత ఆమె విభాగానికి అధిపతి అయి, కొత్తవారికి శిక్షణనిస్తూ, “దౌత్యమంటే తియ్యగా మాట్లాడటమనుకోకండి. ఎదుటివాడు పరువు పోకుండా మాట మార్చుకోవడానికి కాస్త చోటివ్వాలి” అని చెప్పేవారు. ఆ వంతెన ఆ తరవాత కూడా మూతపడింది. ఆమె మళ్ళీ వెళ్ళారు, మళ్ళీ అడిగారు. ఒకసారి జవాబు దొరక్క వట్టి చేతులతో తిరిగొచ్చారు.

లెక్కల మాస్టారైన ఆమె భర్తగారిని ఇంటి సంగతులు అడిగితే నవ్వేశారు. “కోపమొచ్చి ఒక మాటంటాను. మరోసారి చెప్పండి అంటుంది. రెండోసారి చెప్పాలంటే నాకే సిగ్గేస్తుంది. ఇక పోట్లాట ఎక్కడిదండీ?”

ఒక మనవితో ముగిస్తాం. ఈ వ్యాసంలో ‘మా అందరికీ’ అనీ, ‘మేము అడిగాం’ అనీ రాశాం. ఆ మాటల్లో ఆమె లేరు. వీడ్కోలు రాతల్లో తెలియకుండా దొర్లే తప్పే ఇది. దయచేసి వాటిని దిద్ది చదువుకోండి. మరోసారి గారు సంపూర్ణ ఆరోగ్యంతో, భర్తాపిల్లల నడుమ, ఏ ఫోను మోతకూ ఉలిక్కిపడనక్కరలేని ప్రశాంతతతో చిరకాలం వర్ధిల్లాలని మన శాఖ తరఫున మనమందరం మనసారా కోరుకుందాం. ఇది చదివి ఆమె చెయ్యెత్తుతారని, ఈ ‘మనం’లో తానూ ఉన్నానా అని అడుగుతారని తెలుసు. అడగకముందే చెబుతున్నాం.

ఉన్నారు.