నరహరి మాస్టారి నాలుగో నట్టు

ఏటి ధనరాజూ, ఆ నట్టుని సుత్తెట్టి అలగ బాదేత్తన్నావు? ఇరిగిపోతాదిరా అల్లుడా. కూకో కాసేపు. ఈ సముద్రం గాలికి ఇనుం ఇనుంలాగ ఉండదు. మా నరహరి మాస్టారుంటే నిన్ను సూసి నవ్వీవోడు. కవిటి ఊరోడివి, నీకెలా తెలుస్తాదిలే. మా అక్కుపల్లి బళ్లో లెక్కల మాస్టారు. టెక్కలి పంతుళ్ల ఇంటి మనిసి. సేపల వాసనకి పది రోజుల్లో పారిపోతాడనుకున్నాం, మా వీధిలోనే అద్దెకి దిగి పదేళ్లు ఉండిపోనాడు. తెల్ల కారుండీది, ముసలిది. దాని మీద ఇంకోడి సెయ్యి పడనిచ్చీవోడు కాదు. ఆదివారం వత్తే లుంగీ ఎగ్గట్టి, జంధ్యం ఎనక్కేసుకుని దాని కిందకి దూరిపోయీవోడు. ఆళ్లావిడ సీతాదేవమ్మగోరు కాఫీ తెచ్చి, "ఏవండీ, బయటికొస్తారా, గ్లాసు కూడా కిందకి తోసేయనా" అనీవోరు. లెక్కలొచ్చినంత బాగా మెకానిక్కు రాదు, అది మాకూ తెలుసు, ఊరుకునీవోళ్లం.

తొంభై ఎనిమిదిలో, కాదు కాదు, ఆ మరుసటేడు, మీ అత్త అప్పలమ్మకి నొప్పులొచ్చినాయి. నీ పెళ్లాం రజని అప్పుడు కడుపులో ఉంది. ఊళ్లో ఉన్న ఒక్క ఆటో పలాస ఎల్లిపోనాది. మాస్టారి గుమ్మంలోకి తీసుకెల్తే ఏటున్నాది, కారు ఎనక టైరు పంచరు. మూడు నట్లు ఒచ్చీసినాయంట, నాలుగోది తుప్పట్టి కూకున్నాది. కిరసనాయిలు పోసినాడు. పానాకి ఇనప గొట్టం తొడిగి దాని మీదెక్కి నిల్సున్నాడు. జారి ఇసకలో పడ్డాడు. మీ అత్త అరుగు మీద నొప్పికి పళ్లు బిగబట్టి సూత్తంది. నొప్పి తగ్గినప్పుడు అన్నాది, "మాస్టారూ, ముందు బిగించండి."

"బిగించడమేంటమ్మా, ఊడదీయాలి మనం."

"ఉప్పునీళ్లకి వల ముడి బిగిసిపోతే మేం లాగం బాబూ. ముందు లోపలికి తోత్తాం. కదిల్తే అదే ఒదులైపోతాది."

ఆయన మీ అత్త మొకం సూసినాడు. నా మొకం సూసినాడు. ఎవుల మాటా ఇనని మనిసి కదా. నట్టుని ఒక ఇసుమంత బిగించినాడు. టిక్కుమన్నాది. ఇటు తిప్పితే పిలిసిన పిల్లిలాగ ఒచ్చీసినాది. టైరు మార్సి పలాస ఆసుపత్రికి సేరినాం, ఇంకో అరగంట ఆలీసమైతే కార్లోనే పుట్టీది పిల్ల. మాస్టారేమో ఒళ్లంతా గ్రీజుతో లోపలికెల్లబోయి నర్సమ్మ సేత తిట్లు తిన్నాడు.

ఆ మరుసటి వారం నుంచి బళ్లో ఏ లెక్క తెగకపోయినా, "అప్పలమ్మగారి పద్ధతిలో చెయ్యండ్రా, చివర్నుంచి మొదటికి రండి" అనీవోడు. పిల్లలొచ్చి మీ అత్తని ఏడిపించీవోళ్లు. పైకి కసురుకునీది గానీ, పండప్ప సేప దొరికిన రోజు వాళ్లకో ముక్క ఎట్టీది.

తరవాత మాస్టారికి కిడ్నీలు పోనాయి. ఈ ఊరి నీళ్లో, మరేటో, ఎవులికి తెలుసు. ఆ కారు నడపడం నాను నేర్సుకున్నాను, రక్తం కడిగించడానికి ఇశాపట్నం తీసుకెల్లీవోణ్ణి. ఎనక సీట్లోంచి, "పైడయ్యా, అది గేరు, తెడ్డు కాదు, అంతలా లాగకు" అనీవోడు. ఆకరిసారి హరిశ్చంద్రపురం గేటు కాడ రైలుకి ఆగినాం. "రజనికి ఎన్నో ఎక్కం వరకూ వచ్చిందోయ్" అనడిగినాడు. ఏడో ఎక్కం కాడ ఆగిపోనాది బాబూ అన్నాను. "పర్లేదు, తిరిగొచ్చాక నేను కూర్చోబెడతాను" అన్నాడు.

నాను ఒక్కణ్ణే తిరిగొచ్చినాను.

...లెగు, మీ అత్త కేకేత్తంది. పులుసు సల్లారిపోతాది.