రేకు బస్సు అట్టపెట్టె

పెట్టెల మామ నోరు తెరిచాడంటే ఇక మనం టీ గ్లాసు కింద పెట్టాలన్నా ఆయన్ని అడిగే పెట్టాలి. ఆయన మాటలకి కామాలే గాని చుక్కలుండవు. చెప్పుల దుకాణాలకీ మందుల షాపులకీ అట్టపెట్టెలు అంటించి బతికిన మనిషి. ఈ మధ్య పాత ఆటబొమ్మలు పోగుచేసేవాళ్లు ఎక్కువయ్యారు. బొమ్మ దొరికినా దాని పెట్టె దొరకదు కదా, అచ్చం పాతదానిలా కొత్త పెట్టె చేయించుకోవడానికి ఈయన్ని వెతుక్కుంటూ వస్తున్నారు. అప్పట్నుంచీ ఆయన కాళ్లు నేల మీద నిలవడం లేదు.

ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర తప్పు నాదే. అటక సర్దుతుంటే నా చిన్ననాటి రేకు రైలింజను దొరికిందనీ, దానికి పెట్టె చేయిద్దామని ఉంది గాని ఎంతైనా నకలు నకలే కదా అనీ నోరు జారాను.

మామ గ్లాసు బల్ల మీద పెట్టాడు. టీ అక్క స్టవ్ మంట తగ్గించింది. ఇప్పట్లో ఎవరూ లేవరని ఆవిడకి తెలుసు. బల్ల చివర టీచరమ్మ ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుని ఉంది. ఆవిడ వచ్చింది టీ కోసం కాదు, మామతో ఏదో చెప్పాలని.

"మామగారూ, ఆ పెట్టె విషయం..." అంది.

"ఒక్క నిమిషం టీచరమ్మా, మీ పెట్టె సంగతే చెప్పబోతున్నాను," అని మామ నావైపు తిరిగాడు. "నకలు నకలే అంటావా అల్లుడూ? ఇన్నేళ్లుగా ఆది చొక్కా చూసి బట్టలు కుడుతున్నావు, ఆ మాత్రం తెలియదా నీకు? విను. ఈవిడే సాక్షి. పోయిన ఎండాకాలం ఒక రేకు బస్సు పట్టుకొచ్చారు. ఎర్ర బస్సు, కిటికీల్లో మనుషుల బొమ్మలు, కీ ఇస్తే నడుస్తుంది, వాళ్ల అన్నయ్య ఆడుకున్నది, పెట్టె మాత్రం లేదు. సరిగ్గా అలాంటి బస్సే నా చిన్నప్పుడు మా నాన్న నాకు కొన్నాడు. బస్సు ఎప్పుడో తుప్పు పట్టి పోయింది గాని దాని పెట్టె నా బీరువాలో భద్రంగా ఉంది. దాన్ని ముందు పెట్టుకుని ఇంకోటి చేశాను. అంతే, పెద్ద పనేం కాదు. అట్ట కోశాను, పైన బస్సు బొమ్మ అచ్చు వేయించాను, డికాషన్‌లో ముంచిన గుడ్డతో తుడిచి పాత రంగు తెప్పించాను, మూలలు బొటనవేలితో రుద్ది అరగదీశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాను. అనకపోతే ఆయన ముందుకి కదలడు.

"ఆరబెట్టాను. పాతదీ కొత్తదీ పక్కపక్కనే. మా ఇంట్లో ఒక ఎలుకల వంశం ఉంది. నా చిన్నప్పుడు వాటి ముత్తాత పాత పెట్టె ఎడమ మూల కొరికాడు. ఇప్పుడు వాడి మునిమనవడు వచ్చాడు, కొత్త పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు, సరిగ్గా అదే మూల, సరిగ్గా అంతే మేర కొరికి, ఇది మా తాతలనాటి ఆస్తి అన్నట్టు మీసాలు సవరించుకుని వెళ్లిపోయాడు."

"ఎలుకల చుట్టరికం నీకెలా తెలిసింది మామా?" అంది టీ అక్క.

"ముక్కు పోలిక తెలియదూ? అడ్డు రాకు. పాత బొమ్మల సంఘం పెద్దాయన ఉన్నాడే, ఆయనకి ఈ సంగతి ఎవరు చేరేశారో గాని భూతద్దం పట్టుకుని దిగాడు. పొద్దున్న కూర్చున్నవాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. చివరికి కొత్తదాన్ని చూపించి, ఇదే అసలుది అన్నాడు. అయ్యా, ఇది నేను మొన్న అంటించానండీ, ఇంకా తడి కూడా ఆరలేదు అన్నాను. అబద్ధాలాడకు, ఇది నాకంటే పెద్దది అని రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. పెద్దవాళ్లని చూస్తే పెట్టాలి కదా మరి."

నేను దగ్గాను. టీచరమ్మ మళ్లీ నోరు తెరిచింది. మామ ఆవిడ వైపు చెయ్యి చూపించి ఆపాడు.

"అసలు కథ ఇప్పుడొస్తుంది. బస్సుని ఆ పెట్టెలో పడుకోబెట్టి మూత వేశాను. లోపల గలగలమని చప్పుడు. తీసి చూస్తే తుప్పంతా రాలి అడుగున పడి ఉంది, బస్సు పెళ్లికూతురిలా నిగనిగలాడుతోంది. కిటికీ పక్కన కూర్చున్న రేకు మనిషి కొంచెం పక్కకి జరిగి చోటిచ్చాడు."

"ఎవరికి?" అన్నాను.

"నాకే. ఎక్కలేదనుకో, చాలా పనులున్నాయి. ఆ పెట్టె చంకలో పెట్టుకుని వీధిలోకి వెళ్లాను. మన వీధి చివర మూసేసిన బొమ్మల కొట్టు ఉంది చూడు, దాని ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకి పదడుగుల దూరంలో మనిషి కనపడడు, కానీ నా చంకలో పెట్టె కనపడింది. గబగబా లేచాడు. ఎన్నాళ్లుగానో తుప్పు పట్టిన షట్టరు ఒక్క చేత్తో పైకి లేపాడు. లైట్లు వేశాడు, బల్ల తుడిచాడు, అద్దాల బీరువా తలుపు తెరిచాడు. నేను లోపలికి వంగి చూస్తుంటే, అబ్బాయ్, అద్దం మీద చేతులు పెట్టకు, మరకలు పడతాయి అని కసిరాడు. నన్ను, ఈ వయసులో. చూసుకుంటే ఏముంది, నా జుట్టు చెవుల దాకా నల్లబడింది. ప్యాంటు నిక్కరైంది."

"మరి ఇప్పుడు తెల్లగా ఉందేం?"

"కొట్లోంచి బయటికొచ్చాక మళ్లీ తెల్లబడింది. అన్నిటికీ తొందరే నీకు. ఆయన ఇంకో మాటన్నాడు. కొనాలంటే మీ నాన్నని తీసుకురా అబ్బాయ్, పిల్లలకి అమ్మను అన్నాడు."

మామ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు గాని తాగలేదు.

"నేను నిజంగానే వెనక్కి తిరిగి చూశాను అల్లుడూ. ఆ వేళకే వచ్చేవాడు నాన్న పని నుంచి. భుజం మీద తువ్వాలు, నడుస్తూనే చేతులు తుడుచుకుంటూ ఉండేవాడు. నన్ను చూస్తే ఆ చేత్తోనే నా చెంప పట్టుకునేవాడు. ఆ రోజు కొట్టు ముందు నించుని ఎంతసేపు చూశానో. రాలేదు." గ్లాసు మళ్లీ బల్ల మీద పెట్టాడు. "అందుకే అసలు పెట్టెని ఎంతటివాడు అడిగినా ఇవ్వను. నాన్నవి నాకింకేం మిగిలాయి? ఫోటో కూడా లేదు. రోజూ పడుకునే ముందు దాని మూత తీసి వాసన చూస్తాను. నాన్న చేతుల వాసన అలాగే ఉంది అందులో. ఆ వాసన నకలుకి ఎక్కణ్ణుంచి వస్తుంది? అదొక్కటే నావల్ల కాలేదు."

"మరి రెండూ ఒకేలా ఉంటే ఏది ఏదో ఎలా తెలిసింది?" అన్నాను.

మామకి మళ్లీ హుషారు వచ్చింది. "మిగతావాళ్లు మూత లోపల చిన్న చుక్క పెట్టుకుంటారు, ఇది కొత్తది సుమా అని. చేతకానివాళ్ల పని. నాకు చుక్కెందుకు, ఇంత ముక్కుంటే? కళ్లు మూసుకుని రెండూ వాసన చూశాను. ఒకదాంట్లో నాన్న ఉన్నాడు. దాన్ని బీరువాలో పెట్టి, రెండోది టీచరమ్మగారి చేతిలో పెట్టాను. కావాలంటే ఆవిడనే అడుగు."

ఈసారి టీచరమ్మ ఆగలేదు. సంచిలోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టింది.

"బస్సు ఇందులో సరిగ్గా కూర్చోవడం లేదని నిన్న అడుగు మడత విప్పాను మామగారూ. ఇది దొరికింది," అని చిన్న కాగితం పొట్లం విప్పింది.

అందరం వంగి చూశాం. బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది, పచ్చబడిన పాలపన్ను.

"మామా," అంది టీ అక్క, "ఇది కూడా నువ్వే చేశావా?"

నాకు నవ్వొచ్చింది గాని మామ మొహం చూసి ఆగిపోయాను. ఆయన నాలుక ముందు పళ్ల మీదికి వెళ్లింది.

"పెట్టెకి పురికొస ముడి వేసి ఇచ్చారు కొట్లో," అన్నాడు మెల్లగా. "చేత్తో రాలేదు, పళ్లతో లాగాను. ముడీ పన్నూ కలిసి ఊడొచ్చాయి. నేను ఏడుపు, నాన్న ఒకటే నవ్వు. నీ బస్సుకి టిక్కెట్టు ఇదేరా అని ఆయనే పెట్టెలో వేశాడు. మరిచేపోయాను ఆ సంగతి."

"మీది మీరు తీసుకోండి," అంది టీచరమ్మ. "నేను చేయించుకున్నది నాకివ్వండి, అది చాలు. ఇది చెబుదామనే వచ్చాను."

మామ పెట్టె అందుకుని మూత తీసి, మొహం దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. మళ్లీ పీల్చాడు. పెట్టె దించాడు.

"ఇందులో ఏమీ లేదు. మీ ఇంటి బీరువా వాసన, అంతే. నాన్న వాసన మా ఇంట్లోదానికే వస్తోంది. ఇవి మాత్రం కోతలు కాదమ్మా, రోజూ చూస్తున్నాను."

 టీ అక్క ఆయన గ్లాసు తీసుకుంది.

"అది మైదా జిగురు వాసన మామా," అంది. "నువ్వు తాగిన గ్లాసుకి కూడా అదే వాసన. సబ్బు పెట్టి కడిగినా పోదు."

మామ తన అరచేతులు చూసుకున్నాడు. గోళ్ల చుట్టూ ఎండిన జిగురు తెల్లగా పొరలు కట్టి ఉంది. రెండు చేతులూ మొహానికి ఆనించుకుని గట్టిగా పీల్చాడు. 

"నాన్నా పెట్టెలే అంటించేవాడు," అన్నాడు చేతులు దించి.

పన్ను పొట్లం కట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పెట్టెని మాత్రం టీచరమ్మ వైపే జరిపాడు.

"మీ అన్నయ్య బస్సుని ఇందులోనే ఉండనివ్వండి. అడుగు సరిచేసి ఇస్తాను. నాకు ఇంట్లో ఉన్నది చాలు."