తుడిచిన చోటే తుడవడం

బొమ్మల ప్రదర్శన జరుగుతున్న హాలు వెనక గది. ఫొటోలు తీసే మనవరాలు, గోడ మీంచి దించుకొచ్చిన తన ఫొటోను దుప్పట్లో చుట్టి కొసలు ముడివేసింది, ఇక తాడు కట్టబోతోంది. ఆ హాల్లోనే ముప్ఫై ఏళ్లు నేల తుడిచి మానేసిన అమ్మమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది.

“ఆ తాడు అవతల పడేసి ఇలా రా పిచ్చుకా. ఇంకా దగ్గరికి, నీ మోకాలు నా మోకాలికి తగలాలి. ఒక సంగతి చెబుతాను, అది విన్నాక కట్టుకుందువు గాని మూట.”

“తర్వాత వింటాను అమ్మమ్మా. మేనేజరుగారు భోజనం చేసి వచ్చేలోపు ఇది సర్దేయాలి. వచ్చే ప్రదర్శనలో కూడా నా పేరు కొట్టేయమని చెప్పేస్తాను.”

“దీనికే ఇంకా పది రోజులు గడువుందిగా?”

“మిగతా వాళ్లకి ఉంది. వచ్చినవాళ్లు అభిప్రాయం రాసే పుస్తకం చూశాను. ఎర్ర బొమ్మ వేసినాయనకి మూడు పేజీలు. కుర్చీ చేసినావిడకి రెండు. నా వైపు గోడ గురించి ఒకే ఒక్కాయన రాశాడు, ఫ్యాను కింద చల్లగా ఉందని.”

“పోనీలే, ఫ్యానునైనా మెచ్చుకున్నాడు.”

“నవ్వకు. చెప్పుల కంపెనీవాళ్లు రమ్మంటున్నారు. హాయిగా చెప్పులకి ఫొటోలు తీసుకుంటాను. కెమెరా ఇక అంతవరకే.”

“తీసుకో, ఎవరు వద్దన్నారు. కానీ ఆ పుస్తకం మాట మాత్రం నాకు చెప్పకు. నాకు చదువు రాదు, అందులో ఎవరేం రాశారో ముప్ఫై ఏళ్లలో ఒక్కనాడూ తెలీదు. నేను చూసింది నేల.”

“నేల చూస్తే ఏం తెలుస్తుంది?”

“అదే చెబుతున్నా. ఒకసారి బారెడు గడ్డం ఆయనొకడు గోడంత నీలం బొమ్మ పెట్టాడు. జనం విరగబడ్డారు. దాని ముందంతా మట్టి కొట్టుకుపోయి ఉంటుందని రెండు బకెట్లు పట్టుకెళ్లానా, నేల అద్దంలా ఉంది. మాసిందంతా టీ బల్ల దగ్గర. అందరూ బొమ్మకి వీపు పెట్టి కబుర్లు చెప్పుకున్నారన్న మాట. అదే హాల్లో ఒక మూల, అరచేతులు రెండు కలిపితే ఎంతో అంతే ఫొటో. మంగలి షాపులో అద్దం, అందులో సబ్బు నురగ మొహం. దాని ముందు మడమల గుర్తులు, ఎంత గోకినా పోలేదు. నిలబడి, కాలు మార్చుకుని, మళ్లీ నిలబడ్డారు జనం. ఆ తీసినమ్మాయి కూడా నీలాగే ఏడుపు మొహం వేసుకుని తిరిగేది.”

“అయితే కుర్చీ ఆవిడకి కూడా జనం వీపే పెట్టారా?”

“ఆవిణ్ణేమీ అనకు. మొదటిసారి వచ్చినప్పుడు, కూర్చోకూడదని రాసి కుర్చీ మీద అట్ట పెట్టింది. నాకు చదవడం రాక కూర్చున్నాను. చూసి తిడుతుందనుకుంటే, ఎలా ఉందని అడిగింది. మోకాలి వెనక కోస్తోందన్నాను. వారం తిరక్కుండా ఆ అంచు గుండ్రంగా చెక్కి తెచ్చింది, అట్ట కూడా తీసి పారేసింది. పని అంటే అలా ఉండాలి.”

“సరే. మరి నా ఫొటో ముందు నేల చూశావా?”

“పొద్దున రాగానే చూశాను. కళ్లజోడు పెట్టుకుని వంగి మరీ చూశాను.”

“ఏముంది?”

“ఏమీ లేదు.”

“ఏమీ అంటే?”

“ఒక్క గుర్తు లేదు. కడిగిన పళ్లెంలా ఉంది.”

“ఆ తాడు ఇటివ్వు అమ్మమ్మా.”

“ఆగవే. నేనూ ముందు నీలాగే అనుకున్నాను. కానీ అటుపక్కా ఇటుపక్కా దుమ్ముంది. నీ ఫొటో ముందు మాత్రం చాపంత మేర మెరుస్తోంది. నాకు అనుమానం రాదా? నా తర్వాత పనిలో చేరిన పిల్ల ఉంది చూడు, సన్నగా, ఎవరితోనూ నోరు విప్పదు, దాన్ని పిలిచి అడిగాను. ఫ్యాను కింద దుమ్ము ఎక్కువ పడుతుందంది. ఆ కబుర్లు నా దగ్గర కాదన్నాను. అప్పుడు చెప్పింది.”

“ఏం చెప్పింది?”

“నీ ఫొటోలో నర్సు బస్సులో నిద్రపోతోంది కదా, చెప్పులు విడిచి, పాదాలు సంచీ మీద పెట్టుకుని. ‘ఆవిడ దిగాల్సిన స్టాపు దాటిపోతుందేమోనని బెంగగా ఉంటుందమ్మా. అటు వెళ్లినప్పుడల్లా లేపాలనిపిస్తుంది’ అంది. ఊరికే నిలబడితే మేనేజరు ఏమంటాడోనని, తుడుపుకర్ర పట్టుకుని తుడిచిన చోటే తుడుస్తోంది. రోజుకి నాలుగుసార్లు.”

“నాకూ ఆ రోజు అదే బెంగ అమ్మమ్మా. ఒక్క ఫొటో, ఒక్కటంటే ఒక్కటే తీసి, వెంటనే లేపాను. ఫొటో చూపిస్తే నవ్వి, ఎక్కడైనా పెట్టుకో అంది. గబగబా చెప్పులేసుకుని తన స్టాపులోనే దిగింది.”

“దిగిందా? హమ్మయ్య. పొద్దుటినుంచీ నాకూ మనసు అక్కడే ఉంది.”

“టైమెంతయింది?”

“రెండు కావస్తోంది. రెండింటికి ఆ పిల్ల మళ్లీ కర్ర పట్టుకుని వస్తుంది. అక్కడ ఖాళీ గోడ కనిపిస్తే ఏమనుకుంటుందో.”

“ఈ దుప్పటి ముడి ఊడదియ్యి అమ్మమ్మా, నా గోళ్లకి రావట్లేదు.”

“ఇటు తే. ఇదిగో, అయింది. పట్టుకెళ్లి తగిలించు. ఈ సంగతి గుర్తుంచుకో పిచ్చుకా. రేపెప్పుడైనా నీలాంటిదే ఇంకో పిల్ల మూట కట్టుకుంటుంటే, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పు. నర్సు దిగిపోయిందని మాత్రం ఆ తుడిచే పిల్లతో అనకు. తెలిస్తే ఇక అక్కడ తుడవదు.”